గూడబాతుల లెక్క ఎవరి దగ్గర ఉండాలి?

2021 చివర, 2022 మొదట్లో శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, అంటే పెలికాన్లు, చెట్ల మీంచి రాలిపడ్డాయి. కొన్ని వారాల్లోనే వందకు పైగా చచ్చిపోయాయి. గూళ్ళలో పిల్లలున్న కాలం అది. పురుగుమందేమో అన్నారు కొందరు, గాలి సోకిందన్నారు మరికొందరు. చివరికి పోస్టుమార్టం చేస్తే పక్షి లోపల నులిపురుగుల జాతి పరాన్నజీవులు, నెమటోడ్లు, బయటపడ్డాయి. చేపలు తిని బతికే పక్షులకు ఇలాంటి పురుగులు చేపల ద్వారానే చేరుతుంటాయి. అంటే ఊళ్లో ఎంత కాపలా కాసినా ఆగని జబ్బు. దాన్ని పట్టుకోవాలంటే పక్షి మేతకు వెళ్ళే చెరువుల దాకా వెళ్ళాలి.

తేలినీలాపురం ఆ పక్షుల్ని ఎన్నో తరాలుగా కాచుకుంటూ వచ్చిన ఊరు. గూడబాతులు, వాటితోపాటు పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగలు, సెప్టెంబరులో వచ్చి వేసవి ముందు దాకా ఇక్కడే గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. పెరటి చింతచెట్టు నిండా గూళ్ళుంటే కింద ఎలా ఉంటుందో అక్కడ ఒక పూట నిలబడితే తెలుస్తుంది. రెట్ట, జారిపడిన చేపలు, ఎండకు లేచే కంపు. అయినా ఊరు ఓర్చుకుంటుంది. పక్షులొస్తే ఊరికి మేలని, రాని ఏడు మంచిది కాదని నమ్మకం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలోనూ ఇదే తీరు. అక్కడికి తొలకరికి వచ్చేవి నత్తలు ఏరుకు తినే ఓపెన్‌బిల్ కొంగలు. వాటి మీద రాయి విసిరితే పెద్దలు ఊరుకోరు.

కాపాడటంలో ఈ ఊళ్ళకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆ శీతాకాలంలో లోటు మరోచోట ఉంది. పక్షులు ఏ చెరువుల్లో మేస్తున్నాయి, అంతకు ముందు ఏళ్ళలో ఎన్ని చచ్చేవి, ఏ నెలలో, ఏ చెట్టు కింద? మామూలుగా ఎంతో తెలిస్తేనే మామూలు కానిదేదో తెలుస్తుంది. పక్షిమీద ప్రేమ ఊళ్లో ఉంది, దాని జబ్బు సంగతి ప్రయోగశాలలో తేలింది. మధ్యలో ఏళ్ళ తరబడి రాసుకున్న లెక్క ఉండి ఉంటే మొదటి పది పక్షులు పడ్డప్పుడే కేక పెట్టగలిగేవాళ్ళం. ప్రపంచంలో వర్షారణ్యాల నడుమ ఉన్న పరిశోధన కేంద్రాల గురించి చదువుతున్నప్పుడు నా మనసు మాటిమాటికీ ఈ చింతచెట్ల కిందికే వచ్చి ఆగుతోంది.

చిన్నప్పుడు మాకందరికీ ఇవి సైబీరియా పక్షులనే చెప్పారు. ఇప్పటికీ చాలామంది అదే అంటారు. కానీ గూడబాతు, రంగుల కొంగ దక్షిణాసియాకు చెందిన పక్షులు. ఇక్కడ గుడ్లు పెట్టే పక్షి సైబీరియాది ఎలా అవుతుంది? అక్కడి నుంచి వలస వచ్చేవి ఇక్కడ చలికాలం గడిపి, పిల్లల్ని కనడానికి తిరిగి అక్కడికే పోతాయి. చిన్న తేడాగా కనిపిస్తుంది గానీ కాదు. పక్షి దూరదేశంది అనుకుంటే, అది వెళ్ళిపోయిన నెలల్లో దాని గొడవ మనది కాదు. మన తీరం వెంబడి చెరువులు, బీలలనే చిత్తడి నేలలు, ఉప్పుటేరుల మధ్యనే తిరిగేదని తెలిస్తే, నౌపడ చిత్తడిలో పోసే ప్రతి లారీ మట్టీ దాని కంచంలో పడుతుందని అర్థమవుతుంది.

ఇక వర్షారణ్యాల సంగతి. ముందుగా ఒక మాట: మన కొండలు వర్షారణ్యాలు కావు. శ్రీకాకుళం జిల్లాలో ఏడాదికి పడేది వెయ్యి, పదకొండు వందల మిల్లీమీటర్ల చుట్టుపక్కల. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడు వేలు దాటుతుంది. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉన్నది ఎండకు ఆకు రాల్చే అడవి. అయినా అడవిని అర్థం చేసుకునే పద్ధతి ఒక చోట పుట్టి మరోచోట పనికొస్తుంది. ఆ పద్ధతి బాగా ముదిరింది వర్షారణ్యాల్లోనే.

పనామా కాలువ తవ్వేటప్పుడు చాగ్రెస్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. లోయ మునిగి సరస్సయింది, ఒక కొండ నెత్తి మాత్రం నీటి మధ్య దీవిలా మిగిలింది. దాని పేరు బారో కొలరాడో. 1923 నుంచి దాన్ని పరిశోధనకే వదిలేశారు, 1946 నుంచి స్మిత్‌సోనియన్ సంస్థ చూస్తోంది. 1980ల మొదట్లో స్టీఫెన్ హబెల్, రాబిన్ ఫోస్టర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అక్కడ 50 హెక్టార్ల ముక్క, మన లెక్కలో సుమారు 125 ఎకరాలు, కొలిచి గీశారు. అందులో రొమ్మెత్తున ఒక సెంటీమీటరు లావు, అంటే చిటికెన వేలంత, ఉన్న ప్రతి చెట్టునూ పేరుతో, చోటుతో సహా రాశారు. ప్రతిదానికీ అల్యూమినియం బిళ్ళ మీద ఒక నంబరు. రెండు లక్షలకు పైగా చెట్లు, మూడు వందల జాతుల దాకా. ఐదేళ్ళకోసారి మళ్ళీ మొదటి చెట్టు నుంచి మొదలు. ఏది లావెక్కింది, ఏది చచ్చింది, కొత్తగా చిటికెన వేలంత అయింది ఏది?

వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ 1983లో ఎల్‌నినో వల్ల పెద్ద కరువొచ్చినప్పుడు ఆ పుస్తకం విలువ తెలిసింది. కరువుకు ముందు లెక్క ఉంది, తర్వాతి లెక్క ఉంది. ఏ జాతులు తట్టుకున్నాయో, పెద్ద చెట్లు ఎంత వేగంగా పోయాయో చెట్టు చెట్టుకూ చెప్పగలిగారు. మరో పాత ప్రశ్నకూ అక్కడ కొంత జవాబు దొరికింది: ఒకే నేలలో అన్ని వందల జాతులు ఎలా సర్దుకుంటాయి, బలమైన జాతి ఒక్కటే మిగతావాటిని తొక్కేయదేం? తల్లిచెట్టు చుట్టూ ఆ జాతిని తినే పురుగులు, బూజులు చేరి ఉంటాయి, అందుకే దాని కిందే పడిన విత్తనానికి గండం ఎక్కువ, దూరంగా పడినదానికి బతుకు ఎక్కువ అని 1970, 1971లలో డేనియల్ జాన్‌జెన్, జోసెఫ్ కానెల్ విడివిడిగా అన్నారు. ఆ ఊహను ఆ దీవి మీద లక్షల విత్తనాలు, మొలకలు లెక్కపెట్టి పరీక్షించారు. విత్తనాన్ని దూరం మోసుకెళ్ళే పక్షీ జంతువూ వేటకు పోతే అడవి లోపలి నుంచే పలచబడుతుందని దీనివల్ల అర్థమైంది.

ఇది చదివిన ప్రతిసారీ నాకు తిత్లీ గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటి, మన తీరంలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసిన తుపాను. పక్షులు గూళ్ళకు వచ్చే కాలం కూడా అదే. ఏ చెట్లు పోయాయి, ఆ చెట్ల మీది పక్షులు మర్నాడు ఎక్కడికి పోయాయి అని ఊళ్లో అడిగితే చెప్పేవాళ్ళున్నారు. "ఆల పెరట్లో సింతసెట్టు" అని చేయి చూపిస్తారు. ఆ చెప్పేవాళ్ళు ముసలివాళ్ళు. చెట్టుకు నంబరు లేదు.

పరిశోధన కేంద్రం అడవికి చేసే మేలు ఈ పుస్తకం ఒక్కటే కాదు. మనిషి అలికిడే ఒక కాపలా. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో చింపాంజీల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న కేంద్రం చుట్టుపక్కల కోతులు, దుప్పి జాతి జంతువులు మిగతా అడవి కంటే దట్టంగా ఉన్నాయని 2011లో లెక్క తేలింది. కారణం సూటిగా ఉంది: రోజూ మనుషులు నడిచే దారుల్లోకి వేటగాడు తుపాకీతో రాడు. 2024లో 56 దేశాల్లోని 157 కేంద్రాల అనుభవాన్ని కలిపి చూసిన పరిశోధకులు కూడా, ఇలాంటి కేంద్రాలున్నచోట అడవి నరుకుడు, వేట తగ్గుతాయనే చెప్పారు. అయినా డబ్బు చాలక మూతపడుతున్న కేంద్రాలున్నాయి. పదేళ్ళు కొలిచి పదకొండో ఏడు ఆపేస్తే ఆ పదేళ్ళ కష్టంలో చాలా భాగం వృథా. దీన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

ఇంతవరకు చెప్పింది విని, అయితే మహేంద్రగిరి కింద ఒక కేంద్రం కట్టేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. సరిపోదు. ఆ సంగతి చెట్ల కంటే ముందు మన ఉద్దానమే నేర్పింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చాలని ఎన్ని బృందాలు వచ్చాయో. రక్తం తీశారు, మూత్రం తీశారు, బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. కవిటి దగ్గర మా పెద్దమ్మ వరస ఆవిడ ఒకసారి నాతో అంది: "మా రగతం అట్టుకెళ్ళారు బాబూ. ఏటి తేలిందో ఒక్కలూ సెప్నేదు. మల్లీ ఇంకోలొచ్చి సెయ్యి సాపమన్నారు." ఆవిడకు శాస్త్రం మీద కోపం లేదు, చెయ్యి చాపింది కూడా. ఆవిడ అడిగింది ఒక కాగితం, అదీ చదవగలిగే భాషలో. ఇప్పటికీ ఆ జబ్బు మూలం ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ఒకే చోట తెరిచారు, అది మంచి పని. వైద్యం చేసేచోటే పరిశోధన ఉంటే, నమూనా ఇచ్చిన మనిషి మళ్ళీ ఆ గుమ్మం తొక్కుతాడు, అడగగలుగుతాడు.

అడవి పరిశోధనలోనూ సరిగ్గా ఇదే ముడి. బోర్నియో దీవిలో, ఇండోనేషియా వైపు, గునుంగ్ పాలుంగ్ అనే జాతీయ ఉద్యానవనం ఉంది. ఒరాంగుటాన్ల మీద అక్కడ 1980ల నుంచి పరిశోధన కేంద్రం నడిచింది. కేంద్రం ఉన్నా చుట్టుపక్కల అక్రమంగా కలప నరకడం ఆగలేదు, ఆ గొడవల మధ్య పరిశోధనే కొన్నాళ్ళు ఆగింది. 1993లో ఒరాంగుటాన్లను చూడటానికి విద్యార్థినిగా వెళ్ళిన కినారి వెబ్ అనే అమెరికన్ అమ్మాయి అక్కడ గమనించింది ఏమిటంటే, రంపం పట్టుకున్నవాళ్ళలో చాలామంది దురాశపరులు కారు. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చుకు చెట్టు కోసేవాళ్ళు. ఆమె తిరిగి వెళ్ళి డాక్టరీ చదివి వచ్చింది. ఊరూరా కూర్చుని, అడవి నరకకుండా ఉండాలంటే మీకేం కావాలని అడిగింది. రెండే చెప్పారు: చేరువలో, అందే ధరలో వైద్యం, రసాయనాలు లేని సాగులో శిక్షణ. 2007లో క్లినిక్ తెరిచారు. నరుకుడు తగ్గించిన ఊరికి ఫీజులో ఎక్కువ తగ్గింపు. డబ్బు లేకపోతే మొక్కలు, ఎరువు, అల్లిన బుట్టలు ఇచ్చి బాకీ తీర్చుకోవచ్చు. పదేళ్ళ తర్వాత ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూస్తే, ఇలాంటి క్లినిక్ లేని ఇతర ఉద్యానవనాల కంటే ఇక్కడ అడవి నష్టం 70 శాతం తక్కువ. ఆ ఫలితం 2020లో అచ్చయింది.

కొండ మీంచి డోలీలో గర్భిణిని మోసుకొచ్చే దృశ్యం పేపర్లో చూసిన మనకు ఈ కథ పరాయిది కాదు. సీతంపేట, కురుపాం వైపు కొండల్లో సవర, జాతాపు కుటుంబాలు పోడుకు ఎందుకు పోతాయని అడిగే ముందు, కొండ దిగితే వాళ్ళకేం దొరుకుతోందో అడగాలి. అయితే దీన్ని లంచంలా చూడకూడదు. అక్కడ పనిచేసింది క్లినిక్ ఒక్కటే కాదు, ముందు అడగడం, చెప్పింది చెప్పినట్టు చేయడం.

నా మనసుకు ఇంకా దగ్గరైంది పాపువా న్యూగినీ. ఆ దేశంలో నేల దాదాపు అంతా వంశాల ఉమ్మడి ఆస్తి, సర్కారుది కాదు. మడాంగ్ రాష్ట్రంలోని వానాంగ్ అనే చోట పది వంశాలవాళ్ళు 2000లో కలప కంపెనీలకు తమ అడవి ఇవ్వమని తేల్చిచెప్పి, 10,000 హెక్టార్లు పక్కన పెట్టుకున్నారు. చుట్టూ ఇతరులు సంతకాలు పెట్టి డబ్బు తీసుకుంటుంటే వీళ్ళకు మిగిలిందేమిటి? ఆ ఖాళీని పరిశోధన పూరించింది. మడాంగ్‌లోని బినతాంగ్ పరిశోధన కేంద్రం అక్కడ స్టేషన్ పెట్టింది, పనామాలో లాగే 50 హెక్టార్ల ముక్క గీసి చెట్లకు నంబర్లు వేసింది. కొలిచేది ఊరివాళ్ళే, జీతం వాళ్ళకే. పిల్లలకు బడి వచ్చింది. బినతాంగ్ అంటే అక్కడి టోక్ పిసిన్ భాషలో పురుగు. పురుగుల్ని ఏరి, జాతులవారీగా వేరు చేసి, గుర్తించే ఊరి యువకుల్ని పారాటాక్సానమిస్టులు అంటారు. డిగ్రీ లేకపోయినా ఆ పనిలో నిపుణులు, పరిశోధన పత్రాల్లో వాళ్ళ పేర్లు రచయితల వరసలో ఉంటాయి. 2015లో వానాంగ్‌కు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇక్కడ క్రమం గమనించండి. అడవి తమదన్న హక్కు ముందు, పరిశోధన తర్వాత. కాదనగలిగినవాళ్ళు పిలిచారు కాబట్టే వచ్చినవాళ్ళు మర్యాదగా వచ్చారు.

ఇలాంటిది మన నేల ఎరగనిది కాదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. పండితలోకం వాటికే ఆయన్ను మెచ్చుకుంటుంది. నేను మొక్కేది అంతకు ముందు చేసిన పనికి. సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఎవరి నోటి నుంచి తీసుకున్నారో వాళ్ళకే తిరిగి ఇచ్చారు. మా పెద్దమ్మ అడిగిన కాగితం అదే.

తిరిగి ఇవ్వడం అంటే డబ్బు వాటా మాత్రమే అనుకుంటే ఎక్కడ తడబడతామో కేరళ కాణి గిరిజనుల కథ చెబుతుంది. 1987లో అగస్త్యర్ కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపించిన కాణి యువకులు, అలుపు రాకుండా ఒక మొక్క కాయలు నములుతున్నారు. అది ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం ఉష్ణమండల వృక్ష పరిశోధన సంస్థ దాని నుంచి జీవని అనే మందు తయారుచేసింది. ఒక ఔషధ కంపెనీ కట్టిన లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణులకు ఇవ్వడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. 1997లో వాళ్ళ పేరున ట్రస్టు ఏర్పడింది. ప్రపంచమంతా మెచ్చుకున్న ఒప్పందం. కానీ ఆ మొక్క పెరిగేది రిజర్వు అడవిలో. దాన్ని సేకరించడానికి, అక్కడ పెంచడానికి కాణులకు స్వేచ్ఛ లేక చిక్కులొచ్చాయి. తెలివికి విలువ కట్టారు, అది పుట్టిన నేల మీద హక్కు మాత్రం ఇవ్వలేదు.

మన రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. పేరులో ప్రజలున్నారు, నిర్ణయాలు ఎక్కువగా శాఖ చేతిలోనే ఉండిపోయాయి. పోడు భూముల్లో మొక్కలు నాటించిన చోట్ల తగాదాలు మిగిలాయి. 2006 అటవీ హక్కుల చట్టం దీన్ని తిరగేసింది. సామూహిక అటవీ వనరుల హక్కు కింద తన అడవిని కాచుకునే, పెంచుకునే, నడిపించుకునే అధికారం గ్రామసభది. మహారాష్ట్ర గడ్చిరోలిలోని మెండా-లేఖ దేశంలో మొట్టమొదట, 2009లో, ఆ హక్కు పొందిన ఊళ్ళలో ఒకటి. దాని వెనుక ఒక అలవాటు ఉంది: ఊరివాళ్ళే అధ్యయన బృందాలుగా కూర్చుని చట్టం, వెదురు, తేనె, చేపల గురించి చదువుకోవడం, బయటి నిపుణులు వస్తే వాళ్ళను ఆ బృందం ముందు కూర్చోబెట్టడం. గోడలు, మైక్రోస్కోపులు లేని పరిశోధన కేంద్రం అది.

రాత లేని తెలివికి ఏం జరుగుతుందో సోంపేట చూపించింది. అక్కడి బీల చుట్టుపక్కల ఊళ్ళకు నీరు, చేపలు, పశువుల మేత ఇచ్చే చిత్తడి. థర్మల్ ప్రాజెక్టు కాగితాల్లో అది బీడు నేల అయింది. 2010 జులై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దుచేసింది. బీలలో ఏముందో అక్కడి బెస్తవాళ్ళకు, రైతులకు ఎప్పుడూ తెలుసు. దాన్ని నిరూపించుకునే భారం మాత్రం ప్రాణాల దాకా వెళ్ళింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ, ఊరి మొక్కలు, జంతువుల గురించి ఊరివాళ్ళకు తెలిసింది రాసి పెట్టే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. అదే చట్టం కింద 2022లో ఒడిశా తన వైపు మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ కొండ నుంచి మహేంద్రతనయ దిగి మన బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండకు ఇవతల మన రిజిస్టర్లలో ఎన్ని ఊరి నోటి మాటతో నిండాయో, ఎన్ని బీరువా కోసం నిండాయో మన పంచాయతీకి వెళ్ళి ఎవరికి వారు తెరిచి చూడవలసిందే.

ఇంకొక్క సంగతి, దూరపు కేంద్రం మన తోటకు ఎలా పనికొస్తుందో చెప్పేది. ఆగుంబెలో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో వర్షారణ్య పరిశోధన కేంద్రం మొదలుపెట్టారు. అక్కడ గిరినాగులకు, అంటే కింగ్ కోబ్రాలకు, రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి వెంట తిరిగారు. పట్టి దూరం తీసుకెళ్ళి వదిలిన గిరినాగు, తన చోటే ఉన్న గిరినాగులా స్థిరపడకుండా చాలా ఎక్కువ దూరాలు తిరిగిందని తేలింది. మన వైపు జీడితోటల్లో గిరినాగు కనిపిస్తే ఒకప్పుడు కర్ర, ఇప్పుడు ఫోను. పట్టేవాళ్ళొచ్చి ఎక్కడో అడవిలో వదిలితే పీడ పోయిందనుకుంటాం. అది తినేది ఎక్కువగా ఇతర పాముల్నే, దాన్ని దాని దారిన పోనివ్వడమే చాలాసార్లు మేలు. తూర్పు కనుమల ఊళ్ళలో ఈ మాట చెబుతూ ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ పనిచేస్తోంది.

మళ్ళీ తేలినీలాపురానికి వస్తాను. అక్కడ భవనం కంటే ముందు కావలసింది గట్టి అట్ట ఉన్న ఒక పుస్తకం, కొన్ని అల్యూమినియం బిళ్ళలు. గూళ్ళు కట్టే ప్రతి చింతకూ తుమ్మకూ నంబరు, ఎవరి పెరడో వాళ్ళ పేరు. ఏటా అదే వారంలో గూళ్ళ లెక్క. కింద పడిన పిల్లలు, చచ్చిన పెద్దవి, ఏ తారీఖున. పక్షులు ఏ దిక్కుకు మేతకు పోతున్నాయి, ఆ చెరువుల పేర్లు ఊళ్లో ఏమంటారో అవే. రాసేందుకు బడి పిల్లలు, రాయించేందుకు పెద్దలు, రాసినవాళ్ళకు కూలి. బయటి నుంచి ఎవరు పరిశోధనకు వచ్చినా, వెళ్ళే ముందు ఫలితం తెలుగులో రాసి అందులో అంటించి వెళ్ళాలి. సెప్టెంబరులో మొదటి గూడబాతు ఏ రోజున, ఎన్నో నంబరు చెట్టు మీద వాలిందో, అది మొదటి పేజీలో మొదటి వరస.